తేరిన నీరు, తేటపడిన మనస్సు

(కార్తిక మాసంలో దేవస్థానం కల్యాణ మండపంలో జరిగిన ఉపన్యాస పరంపరలో ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

వేదవేదాంగాలు చదివిన పండితులు ఆసీనులు కావలసిన ఈ వేదిక మీద ఈనాడు నన్ను కూర్చోబెట్టారు. నేను పండితుడను కాను. 36 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించి ఉద్యోగ విరమణ చేసినవాడిని. ఏమి మాట్లాడగలనని సంకోచిస్తే, ధర్మకర్తలు "మాస్టారూ, మీకు తెలిసినదే చెప్పండి" అన్నారు. నాకు తెలిసినవి ఇంగ్లీషు మాటలు. అందుచేత ఈ సాయంకాలం స్వామి సన్నిధిలో ఒకే ఒక్క ఇంగ్లీషు మాటను గురించి మనవి చేస్తాను. ఆ మాట 'సెరీన్'. దేవాలయంలో పరభాషా పదానికి పని ఏమిటని మీరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఆ మాటను పట్టుకొని నడిస్తే మనం ప్రతిదినం ఇక్కడ రెండు చేతులా అందుకొనే ప్రసాదం దగ్గరకే వచ్చి చేరుతాము.

కొంతకాలం క్రిందట మా మనుమరాలు ఏదో పోటీ పరీక్షకు చదువుకొంటూ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "తాతయ్యా, ఇందులో అయిదు మాటలున్నాయి. కామ్, ట్రాంక్విల్, ప్లాసిడ్, కంపోజ్డ్, సెరీన్. అయిదింటికీ నువ్వు నాకు చిన్నప్పుడు ఒకే అర్థం చెప్పావు. ప్రశాంతమైన, అని. అర్థం ఒకటే అయితే ఇంగ్లీషువాళ్లకు అయిదు మాటలెందుకు?" అని అడిగింది.

నేను నిరుత్తరుడనయ్యాను. ఆ పిల్లకే కాదు, వేలమంది విద్యార్థులకు నేను ఆ అయిదు మాటలకూ నల్లబల్ల మీద వ్రాసిన అర్థం 'ప్రశాంతమైన' అన్న ఒక్కటే. పరీక్షలో మార్కులు రావడానికి అది చాలింది. ఆ రాత్రి భోజనానంతరం నిఘంటువులు ముందు వేసుకొని కూర్చున్నాను. ఉద్యోగంలో ఉండగా చేయవలసిన పని విశ్రాంత జీవితంలో చేశాను.

అందులో తెలుసుకొన్న సంగతులు ముందుగా మీకు చెబుతాను. వాటి అవసరం తరువాత తెలుస్తుంది.

మొదటిది 'కామ్'. మనకు బాగా అలవాటైన మాట. ఇది గ్రీకు భాషలో మండే వేడిమిని తెలిపే మాట నుండి వచ్చిందని భాషాశాస్త్రవేత్తలలో అనేకులు భావిస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతుంటే మనుష్యులు పనులు ఆపి నీడకు చేరుతారు. గాలి స్తంభిస్తుంది. సముద్రం కదలదు. ఆ కదలిక లేకపోవడమే 'కామ్'. మన రోహిణి కార్తె మధ్యాహ్నాన్ని తలచుకోండి. వీధిలో పిట్ట అరవదు, చెట్టున ఆకు కదలదు. అయినా వేడి ఎక్కడికీ పోలేదు. కదలిక ఆగింది, అంతే. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి. దీనితో నాకు తరువాత పని ఉన్నది.

రెండవది 'ట్రాంక్విల్'. ఇది ఎక్కువగా స్థలాలకు, వాతావరణానికి వాడే మాట. కొండ మీది గుడి, ఊరికి దూరంగా ఉన్న కోనేరు, తెల్లవారుజామున నదీతీరం ఇటువంటివి. చంద్రుని మీద ఈ పేరుగల ప్రదేశం ఒకటి ఉన్నది. ఇటలీ దేశపు ఖగోళశాస్త్రవేత్త రిచ్చియోలి 1651లో ప్రచురించిన చంద్రపటంలో నల్లగా కనిపించే మైదానాలకు సముద్రాలని పేర్లు పెట్టాడు. అందులో ఒకటి ప్రశాంత సాగరం. 1969 జూలై 20న మానవుడు మొదటిసారి చంద్రుని మీద దిగినది అక్కడనే. దానిని ఆనుకొని వాయవ్య దిశలో ఉన్న మరొక మైదానానికి 'సెరీన్' నుండి వచ్చిన పేరే ఉన్నది. రెండింటి పేర్లలోనూ సాగరమున్నది కాని, రెండింటిలోనూ చుక్క నీరు లేదు. పేరు వేరు, వస్తువు వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మూడవది 'ప్లాసిడ్'. సాధుస్వభావం కలది. సాధుజంతువుకూ, ఏడవని పసిపాపకూ, అలలు లేని చెరువుకూ ఈ మాట వాడుతారు. మనిషికి వాడితే ఒక్కొక్కప్పుడు చిన్న ఎత్తిపొడుపు కూడ ఉంటుంది. ఏది జరిగినా చలనం లేనివాడు, మందకొడి అన్న ధ్వని వస్తుంది.

నాల్గవది 'కంపోజ్డ్'. చెదరిన వాటిని ఒకచోట కూర్చినది అని దీని మూలార్థం. ఆపదలో, సభలో, దుఃఖంలో చెదరిపోబోయిన మనస్సును ప్రయత్నపూర్వకంగా కూడదీసుకొన్నవాడిని ఇలా అంటారు. ఇందులో పురుషప్రయత్నం ఉన్నది. శ్రమ కూడ ఉన్నది.

ఇక అయిదవది 'సెరీన్'. ఇది లాటిన్ భాషలోని సెరేనుస్ అన్న మాట నుండి వచ్చింది. దాని మొదటి అర్థం మేఘాలు లేని ఆకాశం, నిర్మలమైన వాతావరణం. ఆకాశానికి వాడిన మాటనే తరువాత మనిషి ముఖానికి, మనస్సుకు వాడారు. ఐరోపాలో కొందరు రాజులకు ఇది గౌరవ బిరుదమైంది. మొనాకో, లీష్టెన్‌స్టయిన్ పాలకులను నేటికీ ఈ విశేషణంతోనే సంబోధిస్తారు. పూర్వం వెనిస్ గణరాజ్యం తనను తాను 'అతి ప్రసన్నమైన గణరాజ్యం' అన్న అర్థం వచ్చే పేరుతో పిలుచుకొనేది.

ఈ మాట వాడుకలో ఒక విశేషం ఉన్నది. తరగతిలో పిల్లలు అల్లరి చేస్తే నేను "కామ్ డౌన్" అని గద్దించేవాడిని. పిల్లలు ఆగేవారు. ఏ ఉపాధ్యాయుడూ, ఏ తల్లీ "సెరీన్ డౌన్" అని గద్దించడం మీరు వినలేదు. భాష అందుకు ఒప్పుకోదు. కదలవద్దు అని మనిషిని ఆజ్ఞాపించవచ్చు. నిర్మలుడవు కమ్ము అని ఆజ్ఞాపించలేము. ఆకాశానికి ఎవరు ఆజ్ఞ ఇస్తారు? మేఘాలు తొలగితే అది ఉన్నట్లే కనిపిస్తుంది. కాబట్టి ఈ మాటకు ప్రాణం నిశ్చలత్వంలో లేదు, నిర్మలత్వంలో ఉన్నది.

ఇంతవరకు తెలుసుకొని, మరి దీనికి తెలుగులో సరియైన మాట ఏమిటని ఆలోచించాను. 'ప్రశాంతమైన' అన్నది చాలదని తేలిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఆమెకు అక్షరజ్ఞానం లేదు. అయినా ఆ మాట ఆమె దగ్గరే దొరికింది.

మాది గోదావరి కాలువల క్రింది పల్లె. నా చిన్నతనంలో ఊరందరికీ కాలువ నీరే త్రాగునీరు. ఆషాఢం వచ్చేసరికి కాలువకు కొత్తనీరు వచ్చేది. ఎర్రగా, చిక్కగా, మట్టి కలిసి ఉండేది. అమ్మ రెండు బిందెలు తెచ్చి పెద్ద మట్టికుండలో పోసేది. చిల్లగింజ ఒకటి తీసుకొని కుండ లోపలి గోడకు గరగరా రుద్దేది. చేతితో నీటిని ఒకసారి కలియబెట్టి, మూత వేసి, "రేపటిదాకా దాని జోలికి పోకండిరా" అనేది. తెల్లవారి మూత తీస్తే కుండలో నీరు అద్దంలా ఉండేది. మట్టి అంతా అడుగున పేరుకొని ఉండేది. అమ్మ పైనీటిని మెల్లగా, అడుగు కదలకుండా, మరొక పాత్రలోకి వంచేది. "నీళ్లు తేరినాయి. తేటగా ఉన్నాయి. తాగండి" అనేది.

తేట! ఇదే ఆ మాట. తేటనీరు అంటాము, తేటతెలుగు అంటాము, మనస్సు తేటపడింది అంటాము. ఇంకొక సంగతి గమనించండి. పెద్ద దుఃఖం నుండి, దిగ్భ్రాంతి నుండి బయటపడిన మనిషిని గురించి మనం ఏమంటాము? "పాపం, ఇప్పటికి తేరుకొన్నాడు" అంటాము. నీరు తేరుకొన్నట్లే మనిషి తేరుకొంటాడు. ఇంగ్లీషు మాట ఆకాశాన్ని చూచి పుట్టింది. మన మాట కుండలోని నీటిని చూచి పుట్టింది. రెండూ చెప్పేది ఒకటే. కలత పోయి, ఉన్నది ఉన్నట్లు కనిపించడం.

ఇక దేవభాషలో దీనికి సమానమైన మాట మీకందరికీ తెలిసినదే. ప్రసన్నం. ఏ పూజకైనా ముందు మనం చేసే విఘ్నేశ్వర ధ్యానంలో ఆ స్వామి ముఖానికి ఈ విశేషణమే ఉన్నది. తిరుపతి సమీపంలోని అప్పలాయగుంటలో వెలసిన స్వామి ప్రసన్న వేంకటేశ్వరుడు. ఊరూరా ప్రసన్నాంజనేయుడున్నాడు. ప్రసన్నం అంటే సంతోషించిన, అనుగ్రహించిన అని మనం అర్థం చెప్పుకొంటాము. అది సరియైనదే. కాని దాని మొదటి అర్థం తేటయైనది, నిర్మలమైనది అని. కాళిదాస మహాకవి రఘువంశం నాల్గవ సర్గలో శరదృతువును వర్ణిస్తూ, అగస్త్య నక్షత్రం ఉదయించగానే నీరు తేటపడిందని చెబుతాడు. అక్కడ ఆయన వాడిన క్రియాపదం ఈ ప్రసన్న శబ్దానికి మూలమైన ధాతువు నుండి వచ్చినదే.

ఆ ధాతువు 'సద్'. కూర్చొనుట అని అర్థం. మీరందరూ కూర్చొని ఉన్న ఈ సభ సదస్సు అయినది ఆ ధాతువు వల్లనే. గురువు దగ్గర కూర్చొని నేర్చుకొనే ఉపనిషత్తులో ఉన్నదీ అదే. సంస్కృతానికి, ఐరోపా భాషలకు ఉన్న ప్రాచీన బంధుత్వం వల్ల ఇంగ్లీషులో కూర్చొనడాన్ని తెలిపే 'సిట్' అన్న మాట దీనికి చుట్టమే. పాత్ర అడుగున పేరుకొన్న మడ్డిని తెలిపే 'సెడిమెంట్' అన్న మాట కూడ చుట్టమే. ఎంత చక్కని కుటుంబమో చూడండి! అడుగున కూర్చున్న మడ్డి ఒక చుట్టం. అది కూర్చొనగా పైన మిగిలిన తేట మరొక చుట్టం. ఆ తేటకే ప్రసాదమని పేరు.

అవును, ప్రసాదం. మీరు వరుసలో గంటలకొద్దీ నిలిచి, దర్శనం చేసుకొని, బయటకు వచ్చి, అరచేయి చాచి అందుకొనే ప్రసాదం అన్న మాటకు నిర్మలత్వం అని అర్థం. భగవద్గీత రెండవ అధ్యాయంలో అర్జునుడు స్థితప్రజ్ఞుడెవరని అడిగిన ప్రశ్నకు సమాధానంగా వచ్చే 64, 65 శ్లోకాలలో ఈ మాట రెండుసార్లు వస్తుంది. అక్కడ ప్రసాదమంటే నైవేద్యం కాదు, మనస్సు తేటపడడం. దానిని పొందేవాడు ఎవరు? అడవికి పోయి కన్ను మూసుకొన్నవాడు అని భగవానుడు అక్కడ చెప్పలేదు. ఇంద్రియాలను తన అధీనంలో ఉంచుకొని, రాగద్వేషాలు విడిచి, లోకంలోని విషయాల నడుమ సంచరిస్తూనే ఉన్నవాడు అని చెప్పాడు. శాంతి ప్రసక్తి ఆ తరువాతి శ్లోకంలో వస్తుంది. తేటపడడం ముందు, శాంతి తరువాత. నేను మాత్రం నా జీవితంలో ఈ వరుసను తారుమారు చేసుకొన్నాను.

ఇప్పుడు నా సంగతి చెప్పక తప్పదు. ఇటువంటి వేదిక మీద సొంత విషయాలు చెప్పడం ఉచితమా అని చాలా ఆలోచించాను. చెప్పకపోతే ఇంతవరకు చెప్పినదంతా నిఘంటువులో మాటలుగానే మిగిలిపోతుంది.

నాకు ఒక్కడే తమ్ముడు. మా తండ్రిగారు గతించిన తరువాత ఊరి పెద్దలు పొలం పంచారు. కాలువ గట్టున ఉన్న కొబ్బరితోట తమ్ముడికి వచ్చింది. మెరక చేను నాకు వచ్చింది. నాకు అన్యాయం జరిగిందని నేను నిశ్చయించుకొన్నాను. పోట్లాడలేదు. కోర్టుకు పోలేదు. ఒక్క మాట తూలలేదు. మాట్లాడడమే మానివేశాను. తొమ్మిది సంవత్సరాలు! పెండ్లిళ్లలో, కర్మలలో ఎదురుపడితే తల త్రిప్పుకొనేవాడిని. ఊరిలోవారు "మాస్టారు ఎంత శాంతమూర్తి! మరొకరైతే రచ్చకెక్కేవారు" అనేవారు. ఆ మాట నాకు ఎంతో ఇంపుగా ఉండేది. నేను శాంతుడనని నేనూ నమ్మాను.

మహాశయులారా, ఇందాక చెప్పిన రోహిణి కార్తె మధ్యాహ్నం నేనే. ఆకు కదలలేదు కాని వేడి తగ్గలేదు. ప్రతి రాత్రి పడుకొనేముందు ఆ తోటలో ఎన్ని కాయలు దిగి ఉంటాయో మనస్సులో లెక్క వేసేవాడిని. ఎవరైనా తమ్ముని పేరు ఎత్తితే చాలు, అడుగునున్న మట్టి అంతా పైకి లేచేది. దానిని ఎవరూ కదపకుండా చూచుకోవడమే శాంతి అనుకొన్నాను. అది తేరిన నీరు కాదు. ఎవరూ ముట్టని బురదనీరు.

మనుమరాలి ప్రశ్న తరువాత నాకు ఇది కనిపించింది. కనిపించినంత మాత్రాన ఏమీ జరగలేదు. మనుస్మృతి ఆరవ అధ్యాయంలో ఒక హెచ్చరిక ఉన్నది. చిల్లచెట్టు పండు నీటిని తేటపరుస్తుంది నిజమే కాని, దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేటపడదని దాని భావం. చిల్లకు సంస్కృతంలో కతకమని పేరు. ఆ శ్లోకంలోనూ తేటపడడానికి వాడినది మన ప్రసన్న శబ్దపు ధాతువే. నాకు అది చెంపపెట్టులా తగిలింది. నేను జీవితమంతా మాటల అర్థాలు చెప్పినవాడిని. కతకం పేరు వేలసార్లు పలికినవాడిని. గింజను కుండకు రుద్దినవాడిని కాను.

మరి రుద్దడమంటే ఏమిటి? నాకు తోచినది చెబుతాను. ఒక కాగితం తీసుకొని మధ్యన గీత గీశాను. ఎడమ వైపున తమ్ముడు నాకు ఏమి బాకీ అని వ్రాశాను. అది క్షణంలో పూర్తి అయింది. తొమ్మిదేండ్లుగా కంఠస్థమైనదే కదా. కుడి వైపున నేను అతనికి ఏమి బాకీ అని వ్రాసి చాలసేపు కలం పట్టుకొని కూర్చున్నాను. తరువాత ఒక్కొక్కటే వచ్చాయి. మా తండ్రిగారు మంచం పట్టిన 14 నెలలు నేను పట్టణంలో ఉద్యోగంలో ఉన్నాను. ఆదివారం వచ్చి, మంచం ప్రక్కన కూర్చొని, సాయంకాలం బస్సుకు వెళ్లిపోయేవాడిని. ఆయనను లేవనెత్తినది, స్నానం చేయించినది, రాత్రులు మేలుకొన్నది తమ్ముడు, మరదలు. పెద్దలు ఆ కారణం చేతనే తోట అతనికి ఇచ్చారు. ఆనాడు నాకు ఆ మాట చెప్పారు కూడ. నేను విన్నాను. విని, మరచిపోవడానికి నిశ్చయించుకొన్నాను. కాగితం కుడివైపు నిండింది. కుండ అడుగు కనిపించింది.

నీరు తేటపడడంలో ఉన్న కష్టం ఇదే. తేటపడితే అడుగు కనిపిస్తుంది. అడుగున ఉన్నది మనకు నచ్చకపోవచ్చు. అందుకే మనలో చాలమంది కలక నీటితోనే కాలం గడుపుతాము.

నిరుడు కార్తిక మాసంలో ఒక సోమవారం తమ్ముని ఇంటికి వెళ్లాను. మరదలు వాకిట్లో ఉన్నది. నన్ను చూచి క్షణం నిలబడిపోయి, "రండి బావగారూ" అన్నది. తమ్ముడు పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. లేచి, చేతులు తుడుచుకొని, "ఎండలో వచ్చావు అన్నయ్యా. ముందు మంచినీళ్లు తాగు" అన్నాడు. నేను కాగితం సంగతి చెప్పాను. తోట విషయంలో తప్పు నాదని చెప్పాను. అతడు చాలసేపు ఏమీ అనలేదు. మా పుస్తకాలలో, నాటకాలలో అయితే అన్నదమ్ములు ఆలింగనం చేసుకొంటారు. అక్కడ అలా జరగలేదు. అతడు నేలచూపు చూస్తూ, "తోట సంగతి వదిలెయ్ అన్నయ్యా. నాన్న పోయే ముందు నీకోసం మూడు రోజులు అడిగాడు. కబురు పంపాను. ఆ ఆదివారం నువ్వు రాలేదు" అన్నాడు.

ఆ వారం నాకు జవాబు పత్రాలు దిద్దే పని ఉన్నది. ఆ పని నిజమే. సెలవు అడిగితే ఇచ్చేవారన్నదీ నిజమే. నేను అడగలేదు. తొమ్మిదేండ్లు నేను తోటను మోశాను. నా తమ్ముడు ఈ మాటను మోశాడు. దానిని వినడానికి నేను అతని గుమ్మం ఎక్కవలసి వచ్చింది. ఆశ్చర్యమేమిటంటే నాకు కోపం రాలేదు. సమాధానం వెదుకుకోవాలని అనిపించలేదు. "నిజమేరా" అన్నాను. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆ సాయంకాలం ఇంటికి నడిచి వస్తుంటే దుఃఖం ఉన్నది కాని కలత లేదు. అంతకు ముందు నాకు ఆ రెండింటికీ భేదం తెలియదు. ప్రసన్నత అంటే దుఃఖం లేకపోవడమని అనుకొనేవాడిని. వాన కురిసిన తరువాతనే కదా ఆకాశం కడిగినట్లు ఉంటుంది!

ఇప్పుడు మేము మాట్లాడుకొంటున్నాము. పొలం గట్లు ఎక్కడివక్కడనే ఉన్నాయి. ఒక్కొక్కప్పుడు పాత సంగతి ఏదో కదులుతుంది. అప్పుడు అమ్మ మాట తలచుకొని కుండ జోలికి పోకుండా కొంతసేపు ఊరుకొంటాను. మళ్లీ తేరుకొంటుంది. బురద మాయం కాలేదు. దాని చోటు అది తెలుసుకొని కూర్చున్నది.

యాత్రికులకు ఒక విన్నపం. మీరు ఈ కొండకు వచ్చి "ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉన్నది!" అంటారు. ఆ ప్రశాంతత స్థలానిది. మనుమరాలి అయిదు మాటలలో అది రెండవది. అది మీతో బస్సు ఎక్కి ఇంటికి రాదు. వచ్చేది ప్రసాదం. ఆ మెతుకు నోట వేసుకొనేటప్పుడు దాని పేరుకు అర్థం గుర్తు చేసుకోండి. మాటలు మానివేసిన బంధువు ఎవరైనా ఉంటే, కాగితం మీద ఒక గీత గీసి, కుడివైపు కూడ నింపండి. ఎదుటివారి తప్పు నిజంగానే పెద్దది కావచ్చు. అప్పుడు కూడ అది ఎంత పెద్దదో సరిగ్గా కనిపించడం మేలు. కలక నీటిలో ప్రతి రాయీ పెద్దదిగానే తోస్తుంది.

దాతలకు ఒక విన్నపం. మీరు ఇచ్చిన బియ్యంతో, మీరు ఇచ్చిన ధనంతో ఇక్కడ వేలమంది ఆకలి తీరుతున్నది. మీకు నమస్కరిస్తున్నాను. ఇచ్చే ముందు ఒక్క క్షణం ఇంటివైపు చూడండి. ఇంటిలో తీర్చవలసిన ఋణం ఏదైనా ఉంచి ఇక్కడ ఇస్తున్నామా అని అడగండి. నేను తమ్మునితో మాటలు లేని ఆ తొమ్మిదేండ్లలో కూడ ప్రతి సంవత్సరం ఈ క్షేత్రంలో మా తండ్రిగారి పేరున అన్నదానం చేయించాను. రశీదులు జాగ్రత్తగా దాచుకొన్నాను. అన్నం తిన్నవారి ఆకలి తీరింది, సందేహం లేదు. నా మనస్సు మాత్రం తేటపడలేదు. ఈ సంవత్సరం మా ఇద్దరి పేర్లూ కలిపి వ్రాయించాము.

శంకర భగవత్పాదుల రచనగా ప్రసిద్ధమైన ఆత్మబోధలో ఈ చిల్లగింజ ఉపమానమే మరొక విధంగా ఉన్నది. గింజపొడి నీటిలోని మట్టిని అడుగుకు చేర్చి, తాను కూడ అడుగుకు చేరుతుంది. జ్ఞానం కూడ అజ్ఞానాన్ని పోగొట్టి తాను సైతం అణగిపోతుందని దాని తాత్పర్యం. పని అయిన తరువాత గింజ నీటి మీద తేలుతూ కూర్చోదు. 'సెరీన్' అన్న ఈ ఇంగ్లీషు మాట కూడ నాకు అటువంటి చిల్లగింజే. దాని పని అది చేసింది. మీరు దానిని మరచిపోయినా నష్టం లేదు. మా మనుమరాలికి మాత్రం అయిదు మాటలకు అయిదు అర్థాలు విడివిడిగా వ్రాసి ఇచ్చాను. చివరి దాని ఎదుట 'తేట' అని వ్రాశాను.

 స్వామి మన అందరి యెడల ప్రసన్నుడగు గాక. మనమూ ఒకరి యెడల ఒకరము ప్రసన్నులమగుదుము గాక.

స్వస్తి.